సరమ వేసిన వ్యాజ్యం

కాలాన్ని కార్తెలతో కొలిచే సేద్యగాళ్ళ దేశం మనది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో నిలిచే 13, 14 దినాలకు ఒక కార్తె చొప్పున ఏడాదికి 27 కార్తెలు. రోహిణికి రోళ్ళు పగులుతాయి. మృగశిరకు ముంగిళ్ళు చల్లబడుతాయి. ఇట్లా ప్రతి కార్తెకు ఒక గుర్తో, ఒక సామెతో, ఒక పనో కేటాయించిన మన పెద్దలు చిత్తకార్తెను మాత్రం కుక్కలకు విడిచిపెట్టినారు. అక్టోబరు 10, 11 తేదీలకు ప్రవేశించి 23, 24 తేదీల వరకు ఉండే ఈ కార్తెలో వీధి మలుపులలో గుంపులు కట్టి తిరిగే కుక్కలను చూడని తెలుగువాడు ఉండడు. ఒళ్ళు తెలియక తిరిగే మగవానిని "చిత్తకార్తె కుక్క" అని తిట్టడం మన పల్లెలలో నేటికీ ఉన్నది.

తిట్టు మోటుదే. దాని వెనుక ఉన్న పరిశీలన మాత్రం మోటుది కాదు. జయపూరులోను, పశ్చిమ బెంగాలులోను వీధికుక్కల జీవితాన్ని గమనించిన శాస్త్రజ్ఞులు వాటి కలయిక ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండక ఋతువును అనుసరించి జరుగుతుందని తేల్చినారు. శునకం గర్భం మోసేది సుమారు 63 దినాలు. చిత్తలో చూలుకట్టిన కుక్క ధనుర్మాసంలో పిల్లలను పెడుతుంది. సంక్రాంతి ముగ్గుల మీద తప్పటడుగులు వేసే కుక్కపిల్లలు మనకు కొత్త దృశ్యం కాదు గదా! ఇక ఇంట పెరిగే సీమకుక్కలకు ఈ కార్తె కట్టుబాటు అంతగా లేదు. అవి ఏడాదిలో ఏ నెలలోనైనా ఎదకు రావచ్చును. తగవులన్నీ సాధారణంగా అక్కడనే మొదలవుతాయి.

రెండేళ్ళ క్రిందట మా పట్టణంలోని ఒక కాలనీలో అటువంటి తగవే వచ్చినది. పేర్లతో మనకు పని లేదు. నడుమ ఒకే ప్రహరీగోడ ఉన్న రెండిళ్ళు. ఒకరు బ్యాంకు ఉద్యోగం విరమించినవారు. రెండవవారు ఎరువుల వ్యాపారి. ఇరవై ఏళ్ళ పొరుగు. గోడ మీదుగా కొత్తావకాయ అటు వెళితే పనసతొనలు ఇటు వచ్చేవి. బ్యాంకువారింట ఏడాదిన్నర వయసున్న లాబ్రడార్ ఆడకుక్క. వ్యాపారి ఇంట కావలికి పెంచిన నాటు మగకుక్క. బ్యాంకువారు తమ కుక్కకు అదే జాతి మగకుక్కతో జోడు కట్టించదలచి, దూరపు ఊరిలోని ఒక పెద్దమనిషితో మాట కూడా ఖాయం చేసుకొన్నారు. పుట్టిన పిల్లలలో ఒకటి, అదీ ఆయన స్వయంగా ఎంచుకొన్నది, మగకుక్క యజమానికి ముట్టచెప్పవలెనని ఒప్పందం. ఈలోగా ఒక రాత్రి పొరుగింటి నాటుకుక్క గోడ దూకినది. తెల్లవారుజామున పాలపాకెట్ల కోసం తలుపు తీసిన ఇల్లాలికి పెరటిలో రెండూ కనిపించినవి. రెండు నెలలు తిరిగేసరికి ఏడు పిల్లలు.

"అన్నయ్యగారూ, మీ కుక్క చేసిన పనికి ఆస్పత్రి ఖర్చులు, పాల ఖర్చులు మేము భరించవలెనా?" అని ఆ ఇల్లాలు గోడ ఇవతల నుండి అడిగినది.

"మగకుక్క అన్న తరువాత అది అట్లాగే ఉంటుందమ్మా. మీ ఆడదానిని మీరు లోపల కట్టుకోవలసినది," అని అవతల నుండి జవాబు.

ఆ జవాబు విన్నప్పుడు నాకు కుక్కల మాట మరపునకు వచ్చినది. మగవాడు అన్న తరువాత అట్లాగే ఉంటాడు, ఆడపిల్లను లోపల ఉంచుకోవలసినది అన్న ధర్మం మనం ఎన్ని ఇళ్ళలో, ఎన్ని పంచాయతీలలో, ఎన్ని పాఠశాలల స్టాఫురూములలో వినలేదు? పశువుకు వివేకం లేదు, మనుష్యునికి ఉన్నది. కావున ఈ పోలికను సాగదీయడం తప్పు. కాని కుక్కలను గురించి వాదించేటప్పుడు మన ఇళ్ళ సంగతి మన నోటనే బయటపడుతుందన్నది మాత్రం నిజం. చిత్రమేమంటే, మన భాష ఈ విషయంలో మనకంటె ధర్మంగా ఉన్నది. చిత్తకార్తె కుక్క అన్నా, అచ్చోసిన ఆంబోతు అన్నా తిట్టు తగిలేది మగవానికే.

ఆ రెండిళ్ళ మధ్య మాట పోయినది. కాలనీలో పెద్దలు నలుగురు కూర్చున్నారు గాని ఏమీ తేలలేదు. తేలకపోవడానికి కారణం, వారు మూడు వేరు వేరు ప్రశ్నలను ఒకటిగా ముద్దచేసి మాట్లాడడం. పిల్లలు ఎవరివి? తప్పు ఎవరిది? ఖర్చు ఎవరిది? ఈ మూడింటికీ ఒకే జవాబు ఉండి తీరవలెనని నియమమేమీ లేదు.

మొదటి ప్రశ్నకు మన ధర్మశాస్త్రాలు వేల ఏళ్ళ క్రిందటనే జవాబు వెదకినవి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో బీజక్షేత్ర విచారం ఒకటి ఉన్నది. ఒకని ఆబోతు మరొకని ఆవులయందు నూరు దూడలను పుట్టించినా ఆ దూడలన్నీ ఆవుల యజమానివే. ఆబోతు శ్రమ వ్యర్థమే అని అక్కడి తీర్పు. గాలికి ఎగిరి వచ్చో, వరదకు కొట్టుకొని వచ్చో ఒకని చేనిలో విత్తనం పడి మొలిస్తే ఆ పంట చేనివానిదే గాని విత్తనంవానిది కాదని దానికి దృష్టాంతం. అయితే ముందుగా ఒప్పందం చేసుకొని విత్తితే ఫలంలో ఇద్దరికీ భాగం ఉంటుందని కూడా ఆ స్మృతి చెబుతుంది. ఒక పిల్లను ఇస్తామని బ్యాంకువారు దూరపు ఊరి ఆసామితో చేసుకొన్న ఒడంబడిక సరిగా ఈ కోవలోనిదే. రోమకుల న్యాయం కూడా ఇంచుమించు ఇదే దారి నడచినది. పశువుల సంతానం తల్లిని అనుసరిస్తుందన్నది వారి సూత్రం.

ఇక్కడ రెండు మాటలు చెప్పక ముందుకు సాగలేను. మనువు బీజం గొప్పదని ఒకచోట, క్షేత్రం గొప్పదని మరొకచోట అన్నాడు. ఏ పక్షంవారైనా తమకు కావలసిన శ్లోకాన్ని వెదకి తెచ్చుకోవచ్చును. ధర్మశాస్త్రాన్ని చదివేటప్పుడు ఈ మెలకువ విద్యార్థికి ముందే ఉండవలెను. రెండవది మరింత చేదు మాట. ఆవు, గుర్రము, ఒంటె, గేదె, మేక, గొర్రె అన్న ఆ పట్టికలో దాసి కూడా ఉన్నది. మనిషిని మందలో చేర్చి లెక్కపెట్టిన ఆ మాట దగ్గర ఏ పాఠకుడైనా ఆగి తల దించుకొనవలసిందే. పశువుల మట్టుకు తర్కాన్ని గ్రహించి తక్కినదానిని త్రోసివేయడమే నేటి మన పని.

అన్నిటికంటె గమనించవలసినది, ఆ పట్టికలో కుక్క లేకపోవడం. ఎందుకు లేదు? దూడకు వెల ఉన్నది. గొర్రెపిల్లకు వెల ఉన్నది. వెల ఉన్న దానిని నాదంటే నాదని ఇద్దరు పట్టుబడుతారు. అక్కడ తగవు పంపకంలో. కుక్కపిల్ల విషయంలో తగవు తలక్రిందులుగా ఉన్నది. నాది కాదంటే నాది కాదని ఇద్దరూ చేతులు దులుపుకొంటారు. జాతికుక్కల సంతతి అయితే వేలకు వేలు పలుకుతుంది గనుక ఎంచుకొన్న పిల్ల తనకు రావలెనంటాడు మగకుక్క యజమాని. అదే కలయిక గోడ దూకి జరిగితే తనకేమీ సంబంధం లేదంటాడు. లాభంలో భాగస్వామి అయ్యేవాడు నష్టంలో పరాయివాడు ఎట్లా అవుతాడన్నది నాకు బోధపడని విషయం.

తప్పు ఎవరిదన్న రెండవ ప్రశ్నకు యాజ్ఞవల్క్యుని స్మృతిలో ఒక మంచి కొలబద్ద దొరుకుతుంది. కోరలున్న జంతువు గాని, కొమ్ములున్న జంతువు గాని ఒకరిని బాధిస్తూ ఉంటే, అడ్డగించే శక్తి ఉండి కూడా అడ్డగించని యజమాని దండనీయుడు. కాపాడమని కేక వేసిన తరువాత కూడా ఊరకున్నవానికి దండన రెట్టింపు. ఆ స్మృతిపై విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేసినాడు. కనుక ఈ ధర్మచింత మన భాషకు పరాయిది కాదు. ఈ సూత్రంలో రెండు అంశాలున్నవి. ఒకటి శక్తి: ఆపగలిగి ఉండడం. రెండవది కేక: చెప్పి ఉండడం. మన కుక్కల తగవును ఈ రెండు అంశాల మీద నిలిపి చూడవలెను.

ఆపగలిగినవారు ఎవరు? దీనికి కొంచెం జంతుశాస్త్రం కావలెను. ఆడకుక్క సాధారణంగా ఆరు నెలలకు, ఏడాదికి నడుమ మొదటిసారి ఎదకు వస్తుంది. పెద్ద జాతులలో ఇంకా ఆలస్యం కావచ్చును. ఆ తరువాత సుమారు ఆరేడు నెలలకు ఒకసారి. ప్రతి పర్యాయం దాదాపు మూడు వారాలు. మొదటి తొమ్మిది పది దినాలు రక్తస్రావం ఉంటుంది. మగకుక్కలు వెంటపడినా అది దగ్గరకు రానివ్వదు. చాలమంది యజమానులు పొరపడేది దీని తరువాతనే. స్రావం పలుచబడి రంగు తగ్గగానే గండం గడిచినదనుకొని కుక్కను పెరటిలో విడుస్తారు. నిజానికి గర్భం నిలిచే దినాలు అప్పుడే మొదలవుతాయి. ఇల్లాలు తుడిచి తుడిచి విసిగిన వారంలో భయం లేదు. ఇల్లు శుభ్రపడినదని సంతోషించిన వారంలోనే ఉన్నది. మరొక వింత ఏమంటే, ఆ దినాలలో ఒకటికి మించిన మగకుక్కలు కలిస్తే ఒకే కాన్పులో పుట్టిన పిల్లలకు వేరు వేరు తండ్రులు ఉండవచ్చును. ఏడు పిల్లలలో రెండు నల్లగా పుట్టినంత మాత్రాన తక్కినవి తమ కుక్కవి కావని ఎరువుల వ్యాపారి చేసిన వాదం, తమ కుక్క వేరొక కుక్కను చూడనే లేదని బ్యాంకువారు చేసిన ప్రమాణం, రెండూ కంటిచూపుతో తేలేవి కావు.

మగకుక్కకు ఇటువంటి ఋతువు లేదు. అది ఏడాది పొడుగునా సిద్ధమే. వాసన సోకితే తిండి మానుతుంది, రాత్రంతా ఏడుస్తుంది, కంచె కొరుకుతుంది, గోడ ఎక్కుతుంది. కనుక ఆడకుక్క యజమానికి ఉన్నది ఏడాదికి సుమారు ఆరు వారాల జాగ్రత్త. మగకుక్క యజమానికి ఉన్నది 365 దినాల జాగ్రత్త. మొదటిది తీవ్రమైనది, రెండవది దీర్ఘమైనది. ఒకదానిని చూపి మరొకదానిని రద్దు చేయడం కుదరదు. "మీదానిని మీరు కట్టుకోవలసినది" అన్న మాటలో సగం నిజం లేకపోలేదు. దానికి ఎదురుగా "మీ గోడను మీరు ఎత్తు చేసుకోవలసినది" అన్న మాటలో మిగిలిన సగం ఉన్నది. నా మట్టుకు నేను ఎవరి ఆవరణలో సంఘటన జరిగినదని అడుగుతాను. తన ఇంటి పెరటిలో ఉన్న ఆడకుక్క దగ్గరకు గోడ దూకి వచ్చినది మగకుక్క అయితే బరువు అటు మొగ్గుతుంది. గేటు తెరచి ఉంచగా ఆడకుక్కే వీధికి వచ్చి ఉంటే ఇటు మొగ్గుతుంది.

ఇక కేక మాట. ఎద వచ్చినదన్న సంగతి ముందుగా తెలిసేది ఆడకుక్కను పెంచేవారికి మాత్రమే. పొరుగువారికి చెబితే గదా వారు తమదానిని గొలుసుతో కట్టేది! బ్యాంకువారు దూరపు ఊరి ఆసామికి ఆ దినమే ఫోను చేసి చెప్పినారు. గోడకు అవతల ఉన్నవారికి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని పెద్దలు అడిగితే ఆయన నసిగి ఊరకున్నారు. కారణం సిగ్గు. ఇరవై ఏళ్ళుగా అన్నయ్యగారూ అని పిలిచిన వానితో "మా కుక్క ఎదకు వచ్చినది" అని ఒక మధ్యతరగతి ఇల్లాలు ఏ నోట చెప్పగలదు? ఆయన మాత్రం ఏమని చెప్పగలడు? ఆవు విషయంలో ఈ సిగ్గు మన తాతలకు లేదు. ఆవు ఎదకు వచ్చినదని అరుగు మీద నలుగురిలో చెప్పుకొని ఆబోతు కోసం కబురు పంపేవారు. పట్టణానికి వచ్చి మనం మర్యాదలు నేర్చుకొన్నాము, మాట పోగొట్టుకొన్నాము. చెప్పదలచుకొంటే మార్గం లేకపోదు. "మా కుక్కకు మూడు వారాలు ఒంట్లో కుదురుండదు, మీ వాణ్ణి కాస్త కట్టి ఉంచండి" అంటే అర్థం చేసుకోలేని గృహస్థుడు ఎవడు? ఆ ఒక్క మాట అని ఉంటే, ఆపైన కూడా గొలుసు వేయని వ్యాపారికి యాజ్ఞవల్క్యుడు రెట్టింపు దండన వేసి ఉండేవాడు. అనలేదు గనుక ఆ రెట్టింపు లేదు.

మరొక అనాచారాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించవలెను. కలిసిన జంటను రాళ్ళతో, కర్రలతో కొట్టి, వేడినీళ్ళు పోసి విడదీయబోవడం మన వీధులలో పిల్లలకు ఒక వినోదం. ఆపవలసిన పెద్దలు చూచి నవ్వడం అంతకంటె సిగ్గుచేటు. కుక్కజాతిలో కలయిక తరువాత రెండు శరీరాలు కొంతసేపు, ఒక్కొక్కప్పుడు అరగంట వరకు, విడివడకుండా ఉండడం ప్రకృతి ఏర్పాటు. బలవంతంగా లాగితే రెండింటికీ గాయాలవుతాయి. గర్భం మాత్రం ఆగదు. జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు ఈ సంగతి ఒక్కసారి గంభీరంగా చెబితే తరగతిలో నవ్వు అణగిపోతుంది. జరిగిన తరువాత చేయవలసినది పశువైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళడం. నెల తిరిగేసరికి స్కానింగులో గర్భం తెలుస్తుంది. వద్దనుకొన్నవారికి తొలిదశలోనే శస్త్రచికిత్స ఉన్నది. పూర్వం ఇచ్చే కొన్ని హార్మోను ఇంజెక్షన్ల వలన గర్భాశయం చీము పట్టడం, ఎముకల మజ్జ దెబ్బతినడం కద్దు. అందుచేత మందుల దుకాణంలో అడిగి సొంతవైద్యం చేయించరాదు. వీధికుక్కల కలయిక వలన ఒకదాని నుండి మరొకదానికి అంటుకొనే జననేంద్రియాల కంతి కూడా మన దేశంలో తరచుగా కనిపించే వ్యాధే.

ఏడు పిల్లల సంగతి ఏమైనదని పాఠకులు అడుగుతారు. లాబ్రడార్ పోలికతో పుట్టిన రెండింటిని తెలిసినవారు తీసుకొన్నారు. ఒకటి చనిపోయినది. తక్కిన నాలుగు, కన్నులు తెరచి వారమైనా కాకముందే, ఒక గోనెసంచిలో రైతుబజారు వెనుక కనిపించినవి. వదిలిన చేయి ఏ ఇంటిదో ఇప్పటికీ రెండిళ్ళవారూ ఒకరి మీద ఒకరు చెప్పుకొంటున్నారు.

మహాభారతం ఆదిపర్వంలో, కథ ఇంకా సర్పయాగానికి చేరకముందే, ఒక కుక్కపిల్ల వస్తుంది. నన్నయభట్టారకుని తెలుగులో మన విద్యార్థులు చదువుకొనే కథే. జనమేజయుడు సోదరులతో కూడి సత్రయాగం చేస్తూ ఉండగా దేవశుని అయిన సరమ కొడుకు సారమేయుడు ఆ చోటికి వెళ్ళినాడు. రాజు తమ్ముళ్ళు కొట్టినారు. ఏడుస్తూ వచ్చిన కొడుకును ఆ తల్లి మొదట అడిగినది, నీవేదో తప్పు చేసి ఉంటావని. హవిస్సును నాకలేదు, కన్నెత్తి అయినా చూడలేదన్నాడు. అప్పుడు గాని ఆమె యాగశాలకు రాలేదు. తప్పు చేయనివానిని ఎందుకు కొట్టినారని అడిగినది. వ్యాసుని సంస్కృతంలో, రాజసోదరులు ఆమెకు బదులు చెప్పలేదు. కనిపించని భయం మీకు కలుగుగాక అని శపించి వెళ్ళినది. జనమేజయుడంతటివాడు కలవరపడి, ఆ శాపానికి శాంతి చేయగల పురోహితుని కోసం వెదకుకొంటూ వెళ్ళి సోమశ్రవసుని తెచ్చుకొన్నాడు.

ఈ కథను పరీక్షలకు చదివే విద్యార్థి శాపాన్ని జ్ఞాపకం పెట్టుకొంటాడు. నాకు ఆ కథలో గొప్పగా తోచేది వ్యాజ్యం నడిపిన తీరు. ముందు సొంత బిడ్డను విచారించి, తరువాత ఎదుటివారిని అడిగినది ఆ తల్లి. మా కాలనీ పంచాయతీలో ఇద్దరు యజమానులలో ఒక్కరైనా ముందు తమ గోడను, తమ గొలుసును విచారించుకొన్నది లేదు. ప్రహరీగోడకు ఇరువైపులా వాదించినవారు తమ నష్టం లెక్కలు చెప్పుకొన్నారే గాని, గోనెసంచిలోని నాలుగింటి పక్షాన వకాల్తా పుచ్చుకొన్నవారు లేరు. హవిస్సును చూడనైనా చూడనివి అవే.

నేటి చట్టం ఏమంటుంది? 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 291వ సెక్షను ఉన్నది. పాత శిక్షాస్మృతిలోని 289కి ఇది వారసు. తన జంతువు వలన మనుష్యప్రాణానికి అపాయం గాని, తీవ్రమైన గాయం గాని కలుగకుండ తగిన జాగ్రత్త తీసుకొననివానికి ఆరు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. ఇది మనుష్యులకు కలిగే అపాయం మాటే. పొరుగుకుక్క కడుపు మాట ఇందులో లేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కొంచెం దగ్గరకు వస్తాయి. పెంపుడు జంతువుకు నులిపురుగుల మందు, టీకాలు, సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించే బాధ్యత యజమానిదే అని, వీధి జంతువుల బాధ్యత స్థానిక సంస్థలదని అవి విభజించినవి. కుక్కల పెంపకందారుల కోసం 2017లో చేసిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఇక ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం క్రింద నేరం. రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ పట్టిన పట్టు వలన వచ్చిన చట్టం అది. అంత శ్రమపడి తెచ్చిన ఆ చట్టం మొదటి తప్పుకు విధించినది 10 రూపాయలు మొదలుకొని 50 రూపాయల జరిమానా! గోనెసంచి ఖరీదు అంతకంటె ఎక్కువ కావచ్చును.

2023 నియమాలలోని ఆ శస్త్రచికిత్స మాట దగ్గరనే మన చదువుకొన్నవారు వెనుకకు తగ్గుతారు. "పాపం, నోరులేని జీవానికి ఆ హక్కు కూడా లేకుండ చేయడమా?" అంటారు. ముఖ్యంగా మగకుక్క యజమానులు. ఈ జాలి వినడానికి బాగుంటుంది. కాని తరతరాలుగా మన పొలాలు దున్నిన ఎద్దు ఏమిటి? కోడెకు విత్తులు కొట్టించితేనే గదా ఎద్దు అయినది! తెలుగులో కోడె, ఎద్దు, ఆబోతు అని మూడు మాటలు వేరు వేరుగా ఉండడానికి కారణమే అది. వెనుకటి మోటు పద్ధతిలో ఆ పశువు పడిన బాధ ఇంతా అంతా కాదు. దానిని దున్నపోతు మీద, కోడె మీద ప్రయోగించడానికి జంకని సమాజం, మత్తుమందు ఇచ్చి పశువైద్యశాలలో గంటలో ముగించే చికిత్సను కుక్కకు చేయించడానికి జంకుతున్నది. ఇక వంశోద్ధారణకు వదలిన ఆబోతు సంగతి వేరు. దానిని దేవుని పేర అచ్చు వేసి ఊరిమీద వదిలేవారు. అది చేనిలో పడి మేసినా దండన లేదని మనుస్మృతే మినహాయింపు ఇచ్చినది. ఆ మినహాయింపు ఊరంతటి ఒప్పుదల మీద నిలిచినది, ఊరంతటికీ దూడలు పుట్టించే పశువుకు చెల్లినది. గృహస్థుడు తన ముద్దు కోసం పెంచుకొన్న కుక్కకు ఆ హోదా ఎవరిచ్చినారు?

పెద్దలు ముగించకుండ లేచిపోయిన ఆ పంచాయతీలో నన్ను అడిగి ఉంటే నేను చెప్పదగినది ఇంత. పిల్లలు తల్లి యజమానివి; అమ్మకం వలన వచ్చే రాబడి ఉంటే అదీ వారిదే. తప్పులో పెద్ద పాలు గోడ దూకనిచ్చినవారిది; తెలిసి చెప్పకపోయిన చిన్న పాలు రెండవవారిది. ఖర్చు మాత్రం సగం సగం. తప్పుకు తగినట్లు ఖర్చును కూడా పంచవలెనంటే మళ్ళీ తగవు మొదలవుతుంది. పిల్లలకు పాలు పట్టవలసినది ఈ రాత్రే. ప్రసవం ఖర్చు, ఎనిమిది వారాలు పోషించే ఖర్చు, మొదటి టీకాలు, పిల్లలకు ఇళ్ళు వెదకే శ్రమ ఇద్దరూ సమంగా పంచుకొని, ఆ పైన రెండు పెద్దకుక్కలకూ ఎవరిదానికి వారు ఆపరేషను చేయించవలెను. దూరపు ఊరి ఆసామితో పోయిన ఒప్పందానికి, రాని లాభానికి పరిహారం లేదు. కుక్క కడుపున ఇంకా పడని పిల్లలకు వెల కట్టడం మొదలుపెడితే దానికి అంతు ఉండదు. ఈ తీర్పు ఎరువుల వ్యాపారికి రుచించదు. బ్యాంకువారికి అంతకంటె రుచించదు.

డిసెంబరు చివరను, జనవరిలోను మన బడులలో ఉపాధ్యాయులకు పరిచయమైన సంఘటన ఒకటి ఉన్నది. వెనుక బల్ల క్రింద పుస్తకాల సంచి కదులుతుంది, కుంయ్ మంటుంది. ఆ పిల్లవానిని గదమాయించి బయటకు పంపే ముందు, పిల్ల ఎక్కడ దొరికినది, తల్లి ఎక్కడ ఉన్నదని అడగడం మేలు. నాలుగు వారాలైనా నిండని పిల్లకు ఆవుపాలు అరగవు. తల్లి దొరికితే తల్లి దగ్గరకు చేర్చవలెను. మధ్యాహ్నభోజనం వండే చోట ఎట్లాగూ ఒక కుక్క ఉంటుంది; పాలు ఇస్తున్న తల్లి అయితే పరాయి పిల్లను ఒక్కొక్కసారి చేరనిస్తుంది, ఒక్కొక్కసారి చేరనివ్వదు; దగ్గర ఉండి చూడవలెను. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించవలెను. 1885 జూలై 6న పాశ్చరు ఆ టీకాను మొదటిసారి ఒక బాలునికి వేయించినాడు. ఆ తేదీని పశువుల నుండి సోకే వ్యాధుల దినంగా పాటిస్తూ మన ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం వాడుక. ధనుర్మాసంలో పుట్టిన పిల్లకు అప్పటికి ఆరు నెలలు నిండుతాయి. వరుసలో నిలబడినప్పుడు ఆపరేషను సంగతి కూడా డాక్టరుగారిని అడిగి రావలెను. ఆడపిల్ల అయితే అది మొదటిసారి ఎదకు వచ్చే వయస్సు కూడా అదే.